ఏడింటికి కొట్టొద్దు

ఇంచాన్, మంగళవారం

మా అమ్మకి,

కూర్చుని చదువు. గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు కోడిగీతల్లా ఉంటే తిట్టుకోకు.

ఫోన్లో అంతా బాగుందని చెప్పాను కదా, అబద్ధం. ఈ బిల్డింగ్‌కి వచ్చి మూడు నెలలైంది. కుడుముల షాపు నడిపేవాళ్లమై ఉండి, కొత్తగా చేరినవాళ్లు పంచాల్సిన ఎర్రబీన్సు కుడుము ఒక్క గడపకీ ఇవ్వలేదు. నేనే వద్దన్నాను. తలుపు తియ్యగానే దగ్గొస్తే? "కుడుములమ్మే పిల్లకి క్షయట" అని ఒక్కరన్నా చాలు, షాపు మూసుకోవడమే. నువ్వు నేర్పినట్టే, ఆరో ఏట నుంచీ ఎవరడిగినా జలుబనే చెప్పాను. ఊపిరితిత్తుల్లో గొట్టాలు సాగిపోయి కఫం నిలిచిపోతుందనీ, రోజూ దాన్ని ఊడగొట్టుకుంటేనే గాలి ఆడుతుందనీ, ఇది అంటుకునేది కాదనీ ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ల జలుబేమిటమ్మా?

మీ అల్లుడు డోక్సు తెల్లారకముందే షాపుకి వెళ్లి పిండి ఆవిరికి పెట్టి, ఆరింటికి ఇంటికొస్తాడు. ఇద్దరం తింటాం. తర్వాత నేను మిషన్‌తో మందు పీల్చి, ఏడింటికి బోర్లా పడుకుంటాను. గిన్నెలా వంచిన చేత్తో ఇరవై నిమిషాలు వీపు మీద దబదబా కొడతాడు, నువ్వు కొట్టినట్టే. ఆ తర్వాత నా దగ్గు, వాంతులు.

నెల కిందట మా తలుపుకి చీటీ అంటించి ఉంది. "ఏడింటికి కొట్టడం ఆపండి. 302." కింద ఇంటి అవ్వ. వారం తిరక్కుండా ఇంకోటి. "ఒకసారి చెప్తే వినరా? ఏడింటికి వద్దన్నానా?" ఆ చీటీలు చదివిన వాచ్‌మన్ తాత నన్ను మెట్ల దగ్గర ఆపి, "అమ్మాయ్, మీ ఆయన చెయ్యి చేసుకుంటున్నాడా? భయపడకుండా చెప్పు" అన్నాడు. వెనకే డోక్సు. చీమకి కూడా హాని చెయ్యని మనిషి, అంతా విన్నాడు.

ఆ రోజు నుంచి నా వీపు మీద చెయ్యి వెయ్యలేదు. "ఇంకోసారి చప్పుడైతే పోలీసులొస్తారు, నారే" అంటాడు. పదకొండు రోజులైంది. జ్వరం వస్తోంది, మెట్లెక్కుతూ రెండు చోట్ల ఆగుతున్నాను. నా జబ్బు దాచుకోవడం కోసం నా మొగుణ్ణి పెళ్లాన్ని కొట్టేవాడనిపించానమ్మా. సిగ్గేస్తోంది. అందుకే రేపు ఈ మెట్ల మీదున్న తొమ్మిది ఇళ్లకీ వెళ్తాను, కుడుము చేతిలో పెట్టి జబ్బు సంగతి చెప్పేస్తాను. ఫోన్ చేస్తే వద్దంటావు. ఈ ఉత్తరం అందేసరికి పని అయిపోయి ఉంటుంది.

నీ నారే


గురువారం

అమ్మా,

చెప్పేశాను! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు 302కే వెళ్లాను, భయమున్న చోటే తేల్చుకుందామని. అవ్వ నా భుజం దాకా కూడా రాదు. బట్టీ పట్టిందంతా అప్పజెప్పబోతే సగంలోనే దగ్గు తెర. ఆవిడ కుడుము వంక చూడనేలేదు, నా దగ్గు వింటోంది.

"ఎన్నాళ్లైంది వీపు కొట్టించుకుని?"

"పన్నెండు రోజులు అవ్వా."

"ఆపమని ఎవడు చెప్పాడు?"

"మీరే కదా."

"నేనా? ఏడింటికి వద్దన్నాను. తిన్నాక కొడితే తిన్నదంతా కక్కుతున్నావు, రోజూ వింటూనే ఉన్నాను. పరగడుపున కొట్టాలని డాక్టరు చెప్పలేదా, చెప్పినా నీ బుర్రకెక్కలేదా?"

బొగ్గుగనిలో పనిచేసిన వాళ్లాయనకి ఆవిడ పద్నాలుగేళ్లు వీపు కొట్టిందట. మరి చీటీలో ఆ ముక్కే రాయొచ్చు కదా అన్నాను. "జబ్బు సంగతి ఎవరైనా తలుపు మీద అంటిస్తారా? నలుగురూ చదవరూ?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయమ్మా. దాచుకోవడంలో నాకు తోడు దొరికింది.

మిగతా ఎనిమిది గడపలకీ ఆవిడే ముందు నడిచింది. నేను నోరు తెరవకముందే, "అంటుకోదు, పూచీ నాది. వాడు కొట్టేది మందు" అనేసేది. వాచ్‌మన్ తాత డోక్సుకి వంగి మరీ క్షమాపణ చెప్పాడు. 501లో ఆవిడ కుడుము పుచ్చుకుని చప్పున తలుపు వేసుకుంది, తిన్నదో పారేసిందో తెలీదు. పోనీ.

ఈ పొద్దున ఆరింటికి అవ్వ మా ఇంట్లో ఉంది. డోక్సు భయంభయంగా కొడుతుంటే, "అరచెయ్యి ఇంకా వంచు నాయనా. చెంపదెబ్బలా మోగకూడదు, ఖాళీ డబ్బాలా మోగాలి" అని పక్కన కూర్చుని నేర్పించింది. పదిహేను నిమిషాలకి కదిలింది. పదమూడు రోజుల కఫం. అవ్వ నేను ఉమ్మిన గిన్నె అందుకుని వెలుతురుకి పట్టి చూసి, "వచ్చిందే తల్లీ, వచ్చింది" అంటూ కళ్లు తుడుచుకుంది. కఫం చూసి అంత సంబరపడే మనిషి లోకంలో నువ్వొక్కదానివే అనుకునేదాన్ని.

ఇక నువ్వు కూడా చెప్పెయ్యమ్మా, మీ వీధిలో అందరికీ. ఇన్నేళ్లు నన్ను రోజూ ఎలా బతికించావో ఒక్కరికీ తెలియదు.

గాలి నిండుగా ఆడుతున్న
నీ నారే