దాపట, వలపట

4 ఆగస్టు 2025, సోమవారం

సీటు దొరికింది. ఇక బస్సుల బాధ లేదు.

నారాయణపేట దగ్గరి బడి నుంచి ఇటు బదిలీ అయ్యి రెండు నెలలు. నల్గొండలో కాపురం, మోత్కూర్‌కు కాస్త ముందు హైస్కూలు. రెండు బస్సులు మారితే 9:20. బడి తొమ్మిదికి. ఇప్పుడు ఫేస్ అటెండెన్స్ కూడా వచ్చింది. ఒక్క నిమిషం దాటినా యాప్ ఊరుకోదు.

సోషల్ చెప్పే శ్రవణ్‌కుమార్ సార్, హిందీ చెప్పే రాజమణి మేడం ఒకే కారులో వస్తారు. ఈ రోజు నుంచి నేను మూడో మనిషిని. వాళ్ల రూల్ ఒక్కటే, వారానికొకరి కారు, ఎవరి వారం వాళ్లే డ్రైవింగ్. నాకు లైసెన్స్ వచ్చి మూడు నెలలు, రోడ్డు మీద చేయి తిరగలేదని చెప్పాను. నేర్చుకోండి, దీపావళి దాటాక మీ వంతు అన్నారు సార్.

సార్ స్టీరింగ్ పట్టగానే మొదట గేరు వేయలేదు, హారన్ కొట్టారు. ముందు ఎవరూ లేరు.

19 ఆగస్టు

లెక్కల టీచర్ని కదా, లెక్కబెట్టాను. గడియారం సెంటర్ నుంచి బడి దాకా 143 హారన్లు. బర్రెకు, బడి పిల్లలకు, స్పీడ్ బ్రేకర్‌కు. ఒకటి మాత్రం తెలిసినవాళ్ల ఇంటి ముందు, పలకరింపుగా. నల్గొండలో అందరూ ఇంతే. ఎవరూ ఏమీ అనుకోరు. మా పాలమూరు వైపు వెనక నుంచి అట్లా మోగిస్తే బండి ఆపి ఏ ఊరు నీది అని అడుగుతారు.

రాజమణి మేడం మా వైపు బస్సులను ఆడిపోసుకుంది. చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగుతాయట, ఎక్కిన వాళ్లు దస్తీ వేసి సీటు పట్టి మళ్లీ దిగి చాయ్ తాగి వస్తారట. అబద్ధం అనలేకపోయాను.

2 సెప్టెంబర్

పరువు పోయింది. ఎదురుగా బైకు ఒకటి సర్రున వస్తుంటే గాభరాలో సార్‌తో "దాపటికి సార్, దాపటికి" అని అరిచాను. సార్ ఎడమకు తిప్పలేదు. బైకువాడే తప్పుకున్నాడు. తర్వాత తీరిగ్గా అడిగారు, దాపట ఏ ఊరు మేడం, మనం ఆ రూట్లో పోతలేం కదా అని.

మేడం నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

బండి కట్టినప్పుడు ఎడమ పక్క ఎద్దు దాపట, కుడి పక్కది వలపట. బాపు నాకు కారు నేర్పింది ఆ మాటలతోనే. ఎండాకాలం సెలవుల్లో మా చెలక పొలంలో మా ఆయన పాత వాగనార్ పెట్టి, పక్కన కూర్చుని, దాపటికి తిప్పు బిడ్డా, వలపటికి కొయ్యి బిడ్డా అని. లెఫ్ట్, రైట్ నాకు తెలుసు. భయం వేస్తే మాత్రం బాపు మాటలే వస్తాయి.

20 సెప్టెంబర్

సార్ గురించి మంచి కూడా రాయాలి. ఈ రోజు శనివారం, బడి నుంచి వచ్చేటప్పుడు నకిరేకల్ దగ్గర నాకు స్టీరింగ్ ఇచ్చి హైవే దాటించడం నేర్పారు. వచ్చే బండిని కాదు, బండికీ బండికీ మధ్య జాగాను చూడమన్నారు. మూడోసారికి వచ్చేసింది. హైవే పక్కన పుట్టి పెరిగినవాళ్లకు అది చిన్నప్పటి ఆట. మా దగ్గర అంత పెద్ద రోడ్డు ఎక్కడిది.

నేను దాపట అని అరిచినప్పటి నుంచి మాత్రం, కారు ఎక్కినప్పుడల్లా "దాపట స్టేజీ వచ్చిందా మేడం" అంటున్నారు. అననీ.

14 అక్టోబర్, మంగళవారం

ఇంకా రగిలిపోతున్నాను. కోపంతో.

పత్తి ఏరే కాలం. మోత్కూర్ రోడ్డు మీద నలుగురు ఆడవాళ్లు, నెత్తిన పత్తి మూటలు. రోడ్డు అంచునే నడుస్తున్నారు. సార్ సరిగ్గా వెనకకు పోయి గట్టిగా మోగించారు. చివరి ఆమె ఉలిక్కిపడింది. మూట కందకంలో పడింది, ఆమె మోకాళ్ల మీద పడింది. ఆపమన్నాను. ఆపలేదు. టైం 8:41 అన్నారు.

ఆమె అంచునే ఉంది కదా, పక్కనుంచి జాగా ఉంది కదా, హారన్ ఎందుకు అన్నాను. అప్పుడు అన్నారు సార్, నవ్వుతూనే.

"మేడం, గిది పాలమూరు లేబర్ బండి కాదు. గట్ల ఆగుకుంట ఆగుకుంట పోతె ఎన్నడు చేరుతం?"

రాజమణి మేడం కిటికీలోంచి బయటకు చూసింది.

నేను చెప్పాను. ఆ లేబర్ బండి నడిపింది మా బాపే అని. పేరు గాలయ్య అని. ముప్పై ఏళ్లు లారీ నడిపాడని, ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడికి మా ఊళ్ల జనాన్ని కుండలతో, పిల్లలతో సహా చేర్చాడని, ఒక్క మనిషికి గీత పడలేదని. గొంతు పెరిగింది. పెరగనీ అనుకున్నాను. ఇంటర్వ్యూల్లో, కాలేజీలో, పెళ్లి చూపుల్లో డ్రైవర్ బిడ్డని అని మెల్లగా చెప్పిన దాన్ని. ఈ రోజే గట్టిగా చెప్పాను.

సార్ హారన్ కొట్టకుండా బడి దాకా నడిపారు. ఒక్క రోజుకే.

16 నవంబర్, ఆదివారం

రేపటి నుంచి నా వారం. వాగనార్ కడిగించాను. బాపుకు ఫోన్ చేశాను. పత్తి మూటల సంగతి మొన్నే చెప్పాను, ఇంకా మనసులో పెట్టుకున్నట్టున్నాడు. ముందే అన్నాడు:

"నెత్తి మీద మోత ఉన్న మనిషికి మెడ తిరగదు బిడ్డా. ఎనకకెల్లి హారన్ కొడితె ఒళ్లంత తిప్పాలె. తిప్పితె పడ్తది. డ్యామ్ కాడ తట్టలు మోసేటోళ్ల నడుమ బండి నడిపిన, నాకు ఎరుక."

సరే అన్నాను. కారు తీసుకొని ఊరికి వస్తా, నల్గొండలో మోకాళ్ల డాక్టర్‌కు చూపిస్తా అంటే మాత్రం బస్సులో వస్తా అన్నాడు. బాపుకు ఇంకొకరి బండిలో కన్ను మూతపడదు. బస్సులో కూడా కుడికాలితో బ్రేకు తొక్కుతూనే కూర్చుంటాడు. నాతో చెలకలో ఉన్న ఆ పది రోజులూ ఆ కాలు తొక్కుతూనే ఉంది.

17 నవంబర్, సోమవారం

9:07. ముగ్గురికీ లేటు పడింది.

ట్రాక్టర్ వెనక, ఆటో వెనక, బడి పిల్లల వెనక, అంతటా ఆగాను. హారన్ కొట్టలేదు. సార్ మూడుసార్లు వాచీ చూశారు. మేడం చూడలేదు, ఊపిరి మాత్రం గట్టిగా వదిలింది.

సాయంత్రం సార్ మర్యాదగానే చెప్పారు. పక్క ఊరి బడికి నవీన్ అని కొత్త టీచర్ వచ్చాడు, సొంత కారు ఉంది, సీటు అడుగుతున్నాడు. ఈ వారంలో ఇంకొక్క రోజు లేటు అయితే సోమవారం నుంచి అతను. మేడం తలూపింది. అంటే ఒప్పుకున్నట్టే.

మళ్లీ రెండు బస్సులు. మళ్లీ 9:20. రోజూ లేటు, రోజూ హెడ్‌మాస్టర్ ముందు సంజాయిషీ. అది కాదు నా బాధ. పాలమూరోళ్లకు ఇంతే వచ్చు అనుకుంటారు, అదీ బాధ.

18 నవంబర్, ఉదయం 9:15, స్టాఫ్ రూమ్

8:52కు చేరాం. హారన్ కొట్టాను.

అదే రోజు, సాయంత్రం

చెప్పేస్తాను, ఇక్కడ కాకపోతే ఎక్కడ చెప్పాలి. ఇరవై, ముప్పై సార్లు కొట్టాను. ఒకసారి గడ్డి మోపు ఎత్తుకున్న ముసలామె వెనక. ఆమె మెడ తిప్పలేదు. బాపు చెప్పినట్టే, ఒళ్లంతా తిప్పింది. పడలేదు. పడకపోవడం నా గొప్ప కాదు. నాకు దారి ఇచ్చి, తప్పు తనదే అన్నట్టు చెయ్యి కూడా ఎత్తింది.

సార్ వెనక సీట్లోంచి శభాష్ మేడం అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సీటు పోతే పోనీ. రేపటి నుంచి కొట్టను. పావుగంట ముందు బయలుదేరతానని గ్రూప్‌లో పెట్టాను. ఇద్దరూ ఏడ్చే బొమ్మలు పంపారు.

20 నవంబర్, గురువారం

ఇది వివరంగా రాయాలి.

7:15కే బయలుదేరాం. నిన్న అట్లాగే వచ్చి 8:45కు చేరాం కదా అనుకున్నాను. ఈ రోజు రైల్వే గేటు దగ్గరే ఆ పావుగంట పోయింది. హైవే దాటి మోత్కూర్ రోడ్డు ఎక్కాక వంపులో గొర్ల మంద. మూడు నాలుగు వందలుంటాయి, రోడ్డు నిండా. మా ముందు పాలవ్యాన్, ఒక కారు, రెండు బైకులు. అందరూ ఒకటే మోత. మోగించిన కొద్దీ గొర్రెలు బెదిరి ఒకదాంట్లో ఒకటి దూరి ఇంకా ముద్దయ్యాయి. సార్ వెనక నుంచి, కొట్టండి మేడం, మీరు కూడా కొట్టండి, 8:33 అన్నారు.

ఇంజన్ బంద్ చేశాను. దిగాను. మా దగ్గర పిల్లలకు కూడా తెలిసిన పని ఇది. పాలవ్యాన్ అతన్ని, జర ఒక్క నిమిషం అన్నా అని బతిమాలాను. కారు ఆయన నన్ను ఎగాదిగా చూశాడు గానీ చెయ్యి తీశాడు. మోత ఆగింది. మంద ముందు దాకా నడిచి పోయాను. కాపరి పెద్దాయన గొంగడి కప్పుకొని, బండ్లవాళ్ల మీద కోపంతో, కావాలనే మెల్లగా నడుస్తున్నాడు.

"పెద్దయ్యా, మందను దాపటికి తోల్తవా, వలపటికి తోల్తవా? గా దిక్కు చూసి నేను బండి తీస్త."

ఆయన ఆగాడు.

"ఎవ్వల బిడ్డవు? దాపట అన్న మాట ఇని శాన దినాలైంది. గీ కార్లోళ్లకు పీపీ అనుడే ఎరుక."

పాలమూరు దిక్కు, గాలయ్య బిడ్డని అన్నాను. ఆయనకు బాపు ఎట్లా తెలుస్తాడు. అయినా తెలిసినట్టే తలూపాడు. తన పేరు గురవయ్య అన్నాడు. నాలుక మడిచి ఏదో కూత వేశాడు. ముందున్న మేకపోతు ఎడమకు దిగింది, దాని వెనక మంద మొత్తం. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పాలవ్యాన్ అతను పోతూ పోతూ నాకు దండం పెట్టాడు.

8:54.

యాప్‌లో ముఖం చూపించినప్పుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. అయినా గుర్తుపట్టింది.

రాజమణి మేడం స్టాఫ్ రూమ్‌లో పదిమందికి చెప్పింది, గొర్ల కాపరి కూత కూడా వేసి చూపించింది. మధ్యాహ్నం సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు, వలపట అంటే కుడి వైపేనా అని.

అవును సార్, కుడి వైపే. నేను పాలమూరు దాన్ని. ఇంత గర్వంగా ఈ మాట ఎప్పుడూ రాసుకోలేదు.

21 నవంబర్

8:49. వారం అయిపోయింది. నవీన్‌కు వేరే కారు చూసుకోమని సారే ఫోన్ చేశారు.

5 డిసెంబర్

సార్ వారం. లెక్కబెట్టాను, అలవాటు పోలేదు. 38 హారన్లు. పుట్టిన ఊరి గుణం ఒక్కసారిగా ఎట్లా పోతుంది.

కానీ రాసుకోవాల్సింది ఇది. కట్టెల మోపుతో ఒకామె పోతుంటే సార్ వేగం తగ్గించారు. చెయ్యి హారన్ దాకా పోయింది, ఆగింది. "వలపటికి కొడ్తున్న మేడం" అని చెప్పి, కుడికి దూరంగా తీసుకొని, చప్పుడు లేకుండా దాటించారు. ఆమెకు మేం పోయినట్టు కూడా తెలియదు.

ఇంటికి రాగానే బాపుకు ఫోన్. మొత్తం విని, నల్గొండ సారు మంచోడే అన్నాడు. ఆఖరికి, మోకాళ్లు నొస్తున్నయి, నీ బండి తీస్కరా అన్నాడు.

25 జనవరి 2026, ఆదివారం

ఊరి నుంచి బాపును తీసుకొచ్చాను. పక్క సీట్లో కూర్చున్నాడు. జడ్చర్ల దాటినా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంది. ఒక్క మాట చెప్పలేదు, దాపట అని గానీ వలపట అని గానీ.

కల్వకుర్తి దాటాక కాలు ఆగింది. పక్కకు చూశాను. బాపు నిద్రపోయాడు.