డబ్బా అడుగున అయస్కాంతం

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. న్యూట్రాన్ లోపల ప్లస్సూ మైనస్సూ వెంట్రుకవాసి ఎడంగా ఉన్నాయేమో కొలవాలని నువ్వు గీసిన ప్రయోగాన్నే నీ బిడ్డ ఇప్పుడు తయారు చేస్తోంది. పొద్దున నీ నోట్‌బుక్‌తో వచ్చి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బాబాయ్, బయటి అయస్కాంత శక్తి లోపలికి రాకుంట ఆపే డబ్బా ఫెయిలైందని నాన్న గీ పేజీ కొట్టేసిండు. నేనూ ఇడిచిపెడ్తున్నా."

ఆ డబ్బా అడుగు రేకు కింద నిన్ను ఆటపట్టించాలని స్పీకరు అయస్కాంతం దాచింది నేనే. లెక్చరరువి, రేకెత్తి చూడాలని తోచలేదా నీకు? నాలుగు రోజులు నవ్వుకున్నాను. ఐదో రోజు నువ్వు పేజీ కొట్టేశాక నిజం దాచేశాను.

ఇవాళ చెప్పేశాను. అది తిట్టలేదు, పెన్ను చేతికిచ్చింది. "నువ్వే రాయ్."

ఏడో తరగతి తప్పిన నా రాత ఇప్పుడు నీ లెక్కల కింద ఉంది: "డబ్బా మంచిదే. అయస్కాంతం తమ్ముడిది."