దిష్టిబొమ్మ తలలో కాపురమున్న గుడ్లగూబ గురించి

మండల వ్యవసాయాధికారి గారి సముఖమునకు, కొల్లిపర దగ్గర మినుము రైతు వరప్రసాదం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా చేలోని దిష్టిబొమ్మను సోమవారంలోగా పీకివేయమని తాము ఇచ్చిన నోటీసును కొన్నాళ్ళు ఆపుట గురించి.

1. ఎలుకల మందు మానవలసినదనియు, చేలో పిట్టలు వాలేందుకు చోటు చూపవలసినదనియు రైతు సదస్సులో తామే సెలవిచ్చియున్నారు. అందరూ కర్రలు పాతినారు. నేను మాత్రం, ఎలాగూ దిష్టిబొమ్మ ఉంది కదా, రెండు పనులకూ అదే చాలునని ఊరుకున్నాను. దాని తలకు పెట్టిన చిల్లికుండలో గుడ్లగూబ చేరి పిల్లలను చేసినది.

2. బొమ్మ భుజం మీది శాలువా తమదేనన్న మాట వాస్తవము. బడిలో సన్మానం జరిగిన రోజున తాము దానిని కుర్చీ మీదే మరచి వెళ్ళినారు. "బంగారంలాంటి శాలువా అండి, పెట్టెలో చిమ్మెటలు కొట్టే బదులు బొమ్మకన్నా కప్పుదాం" అని నా భార్య హెప్సిబా కప్పినది. అవమానించు ఉద్దేశము ఎంతమాత్రమూ లేదు. పైగా దారిన పోయేవారు తమరే అనుకొని నమస్కారం పెట్టుచున్నారు.

3. పక్క చేను శేషగిరిరావు గారు మసక చీకటిలో అలాగే నమస్కారం పెట్టగా, "సారు" కళ్ళు తిప్పి చూసినారట. ఆయన సైకిలుతో సహా బోదె కాలువలో పడినారు. అపశకునమని తమకు ఫిర్యాదు చేసినది వారే. చూసినది కుండ చిల్లులోంచి తల్లి పక్షి అని ఎంత చెప్పినా వినరు.

4. స్నేహలత టీచరు గారు ప్రతి శనివారం పిల్లలను మా గట్టు మీద కూర్చోబెట్టి, గుడ్లగూబ కక్కిన ఉండలు విప్పి, అందులోని ఎలుక ఎముకలు చూపి పాఠం చెప్పుచున్నారు. నోటీసు సంగతి విని సానియా అనే పాప, "బొమ్మని తీసేస్తే వాళ్ళమ్మ ఎక్కడికొస్తుందండీ?" అని నన్ను అడిగినది. నిజం చెబుతున్నాను సార్, అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. కుండ కదిపితే తల్లి రాదు. ఇంకా రెక్కలు రాలేదు వాటికి, చచ్చిపోతాయి.

కావున పిల్లలు ఎగిరిపోవు వరకు బొమ్మను ఉండనిచ్చు నిమిత్తం ఈ మనవిని తొందరగా చిత్తగించవలెను. సోమవారం దగ్గరికి వచ్చేసింది.

తమ విధేయుడు,
వరప్రసాదం

తాజా కలం: కవరు అంటించబోతుండగా శేషగిరిరావు గారు వచ్చారు. "మీ చేలో ఎలుకలన్నీ నా చేలోకొచ్చి పడ్డాయయ్యా. నాకూ అలాంటి బొమ్మ ఒకటి కట్టిపెట్టు" అన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కింద సంతకం కూడా పెట్టారు. కొత్త బొమ్మకు కర్రలు, కుండ ఆయనవే. తమకు ఈమధ్య ఇంకెక్కడైనా సన్మానం జరిగి ఉంటే, ఆ శాలువా ఇప్పించగలరు.