వాన సెలవు

జూలై 8

ఈరోజు సెంటర్‌కి ఇద్దరు వచ్చారు. అందులో ఒకరు నేను.

హిందూపురం నుంచి పెట్టె సర్దుకుని ధర్మవరం వచ్చి నెల కావస్తోంది. బీఈడీ చేసి, డీఎస్సీలో పోస్టు రాక, చివరికి ఈ ట్రస్ట్ ప్రోగ్రాంలో టీచరునయ్యాను. చదువు మానేసిన నేత ఇళ్ల ఆడపిల్లలకు ఓపెన్ టెన్త్ చెప్పాలి. గోడకు పెద్ద పోస్టర్ అంటించారు. అందులో నవ్వుతున్న పిల్లలను ఎక్కడి నుంచి తెచ్చారో గానీ, ఈ వీధి పిల్లలు మాత్రం కాదు.

మూడింటి నుంచి ఐదింటి దాకా క్లాసు. ఐదింటికి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఈరోజు ప్రమోద ఒక్కతే వచ్చింది. ఫొటోలో ఆ పిల్ల కంటే ఖాళీ చాపలే బాగా పడ్డాయి.

జూలై 9

ఎవరూ రాలేదు.

జూలై 11

పెనుకొండ ఆఫీసు నుంచి రాఘవేంద్ర సార్ ఫోన్. మా ప్రోగ్రాం మేనేజర్. మొబిలైజ్ చేయమన్నాడు. పేరెంట్స్‌లో అవేర్‌నెస్ లేదన్నాడు. సరే, అవేర్‌నెస్ ఇద్దామని ఇంటింటికీ తిరిగాను.

ప్రమోద వాళ్లది గుంత మగ్గం. వాళ్ల నాయన చెన్నప్ప గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. ప్రమోద పక్కన కూర్చుని పెద్ద అంచు వైపు, పోగును అడ్డంగా నడిపే నాడె విసురుతోంది. పెద్దంచు చీరకు రెండో మనిషి ఉండి తీరాలి. కూతురు లేచిందా, మగ్గం ఆగింది. ఆ పిల్ల ఎనిమిదిలో బడి మానేసింది అందుకే. తల్లి లేదు.

నేను చదువు విలువ గురించి మొదలుపెట్టాను. చెన్నప్ప నేత ఆపకుండానే మొత్తం విన్నాడు. తనకూ కూతురు చదివితే ఇష్టమేనన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు.

"వాన పడనీ మేడమ్, నేనే పంపిస్తా. గుంతలో నీళ్లు ఊరితే నేను మాత్రం యాడ కూచునేది?"

ఎగతాళి అనుకుని కోపంగా వచ్చేశాను.

జూలై 29

ఎగతాళి కాదు.

రాత్రంతా వాన. గది కురిసిందేమో చూద్దామని పొద్దున్నే సెంటర్‌కి వెళ్తే అరుగు నిండా చెప్పులు. ప్రమోద, చిన్నక్క, ఐశ్వర్య, ఇంకా పేర్లు కూడా తెలియని పిల్లలు. పెళ్లయి పిల్లల తల్లులైనవాళ్లూ వచ్చారు. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. గుంతల్లో నీళ్లు, పట్టు నూలుకు చెమ్మ. ఎండేదాకా ఎవరికీ పని లేదు. చాపలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

సంతోషంగా ఫోన్ తీశాను. యాప్ తెరుచుకోలేదు. ఎర్ర అక్షరాలతో "హాలిడే" అని వచ్చింది. వానకు బడులకు సెలవిచ్చారు కాబట్టి ప్రోగ్రాంకీ సెలవేనట. రాఘవేంద్ర సార్‌కి ఫోన్ చేస్తే, రూల్ ప్రకారం ఈరోజు సెంటర్ తెరవకూడదన్నాడు.

తాళం వేయలేదు. చీకటి పడేదాకా చెప్పాను. కరెంటు లేదు. ప్రమోద కిటికీ దగ్గర కూర్చుని సర్క్యూట్ బొమ్మ గీసింది, ఒక్క తప్పు లేకుండా. ఇంట్లో స్విచ్ కాలిపోతే తనే బిగిస్తుందట. టెన్త్ పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు చేరాలని ఉందట. ఈ మాట నాయనకు చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఆగస్టు 14

పెనుకొండలో రివ్యూ మీటింగ్. కడుపు మండిపోతోంది. రాయకపోతే నిద్ర పట్టదు.

తెర మీద డ్యాష్‌బోర్డ్. హిందూపురం సెంటర్ పచ్చగా ఉంది. నాది ఎర్రగా ఉంది, వేసవిలో పుచ్చకాయ కోసినట్టు. లేచి చెప్పాను. మా పిల్లలు వాన పడితేనే వస్తారు, మగ్గం ఆగితేనే వాళ్లకు తీరిక, కాబట్టి మాకు వానరోజుల్లో క్లాసు పెట్టి ఎండరోజుల్లో సెలవివ్వండి అని. హాలంతా నవ్వింది. మనసారా నవ్వారు, పాపం, పొద్దుటి నుంచి బోర్ కొట్టినట్టుంది.

"షహనాజ్ గారూ, వానను నమ్ముకుని ప్రోగ్రాం ఎట్లా నడపాలండీ? ఆ పాత గది గోడ కూలి ఎవరి మీదన్నా పడితే జవాబు చెప్పాల్సింది నేను" అన్నాడు రాఘవేంద్ర సార్.

గోడ సంగతి నిజమే. మరి మంచి గది ఇవ్వచ్చు కదా. ఆ మాట అడిగితే వచ్చే ఫైనాన్షియల్ ఇయర్‌లో చూద్దామన్నాడు. తర్వాతి స్లయిడ్‌లో పెద్ద అక్షరాలు: "అభ్యాసకుల అవసరమే మా టైం టేబుల్."

ఎవరి అవసరమయ్యా. ఎవరి టైం టేబుల్. ఒక్కరైనా ఒక్కసారైనా మగ్గం దగ్గర కూర్చున్నారా.

సెప్టెంబరు 19

నాలుగు రోజులుగా ముసురు. యాప్‌లో నాలుగు సెలవులు. గదిలో నాలుగు పండగలు. ప్రమోద సైన్సు పూర్తి చేసింది. ఈ ఏడాది పరీక్షకు సిద్ధంగా ఉన్నది తనొక్కతే.

సెప్టెంబరు 24

ఎండ. ఎవరూ లేరు. ఫొటో తీసి పెట్టాను. చాప, పోస్టర్, నా బొటనవేలు.

అక్టోబరు 17

సెంటర్ మూసేస్తున్నారు. మెయిల్‌లో కారణం రాశారు: ఈ ప్రాంతంలో డిమాండ్ లేదు.

డిమాండ్ లేదట. అరుగు మీద చెప్పులకు చోటు చాలని రోజులు నేను చూశాను. వాళ్ల యాప్ ఆరోజే కళ్లు మూసుకుంటుంది. చదువుకోవాలనుకునేవాళ్లు హిందూపురం సెంటర్‌కి వెళ్లవచ్చని చివర్లో దయ చూపించారు. రైలెక్కి పోయి రావడానికి తీరిక ఉన్న పిల్లలైతే అసలు బడే మానరు.

అంతకంటే పెద్ద దెబ్బ ఒకటుంది. ప్రమోద పరీక్ష దరఖాస్తు మీద మేనేజర్ సంతకం చేయాలి. హాజరు తక్కువని పక్కన పెట్టాడట.

అక్టోబరు 22

తెల్లారేసరికి జోరువాన. మగ్గాలు ఆగాయి. చిన్నక్కే అందరినీ లేపుకొచ్చింది. పెనుకొండకు పోయి అడుగుదాం పద మేడమ్ అంది. వీధి వీధంతా కదిలి ప్యాసింజర్ ఎక్కాం. వీళ్లలో కొందరు పెనుకొండ చూడటం అదే మొదటిసారి. దారంతా మాటలు వల్లెవేశారు. ఎవరు ముందు మాట్లాడాలి, ఏడవకుండా ఎట్లా చెప్పాలి అని.

ఆఫీసుకు తాళం. వరండాలో వాచ్‌మన్ బీడీ కాలుస్తున్నాడు.

"సెలవమ్మా. వాన కదా" అన్నాడు.

ముందు చిన్నక్క నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను తలుపు మీద చెప్పుతో కొట్టాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, రెండుసార్లు కొట్టాను. తడిసిన చీరలతోనే తిరుగు రైలెక్కాం.

అక్టోబరు 24

రాఘవేంద్ర సార్ తనే ఫోన్ చేశాడు. వాచ్‌మన్ చెప్పాడట. తలుపు సంగతి ఎత్తలేదు. సెంటర్ విషయం తన చేతిలో లేదన్నాడు. ప్రమోద దరఖాస్తు మీద మాత్రం సంతకం చేస్తానన్నాడు, గొంతు కాస్త తగ్గించి. కానీ ఆ పిల్ల స్వయంగా రావాలి, ఆన్‌లైన్‌లో ఫొటో తీయాలి. సోమవారం ఆఖరు రోజు. శని, ఆదివారాలు ఆఫీసు ఉండదు.

సోమవారం వాన ఉందా అని ఫోన్‌లో చూశాను. లేదు.

అక్టోబరు 26

చెన్నప్ప కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పెళ్లివాళ్ల చీర, ఎల్లుండికల్లా మగ్గం దిగాలి, లేకపోతే షావుకారు ఇంకో పడుగు ఇవ్వడట. ఒక్కరోజు, ఒక్క సంతకం అన్నాను. ఆయన తిట్టలేదు, అరవలేదు. "వాన రోజు అడిగింటే కాదంటానా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. మనసారా కోప్పడేదాన్ని.

ప్రమోద అంతసేపూ నాడె విసురుతూనే ఉంది. ఐటీఐ మాట ఈరోజు నేనే చెప్పేశాను. చెన్నప్ప చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడింది.

వాన సెలవిచ్చేవాళ్ల మీద, ఎండలో సంతకం పెట్టేవాళ్ల మీద, ఆకాశం మీద కూడా కోపం వస్తోంది.

అక్టోబరు 27, ఉదయం ఏడు, ధర్మవరం స్టేషన్

మబ్బు తునక లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

ప్రమోద వచ్చింది. లంగా అంచు తడిసి కాళ్లకు అంటుకుపోయింది.

"బిందెలతో మోసి గుంత నింపొచ్చినా మేడమ్" అంది. "నాయన చూస్తానే ఉన్నాడు. ఏమీ అనలే."

రైలు వస్తోంది.