బావమరిది లైసెన్స్

మార్చి 4, ఆదివారం

నేను ఆదివారాలు పెట్టే మీటింగుకి పదిహేడు మంది వచ్చారు. నా తాళాల కొట్టు వెనక గదిలో అంతకంటే పట్టరు. గంటసేపు మాట్లాడాను. డబ్బున్నవాడు తనంతట తాను ఎవర్నీ తొక్కలేడు, వాడికి ప్రభుత్వం ముద్ర కావాలి, ఆ ముద్ర లాగేస్తే పెద్ద కంపెనీ కూడా మన కొట్టులాంటిదే అన్నాను. ఎవరో ఆవులించారు. తర్వాత మా బావమరిది లేచాడు. ఐదు నిమిషాలే. నేను చెప్పిందే చెప్పాడు, కాకపోతే ఒక జోకు కలిపి. గదంతా ఘొల్లుమంది.

నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

మార్చి 6

వాడికి ఆకురాయి పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పుడు ఎదురు వీధిలో వాడి కొట్టు ముందు జనం. ఇవాళ నా పాత కస్టమర్, మందుల షాపాయన, నా ముందునుంచే నడిచి వాడి దగ్గరికెళ్ళాడు. నన్ను చూసి తలూపాడు కూడా. ఊపకుండా ఉంటే బావుండేది.

మా ఆవిడకి మాత్రం తమ్ముడు నిలదొక్కుకున్నాడని ఒకటే సంబరం.

మార్చి 13

కొత్త రూలు. దొంగతనాలు పెరిగాయట, ఇకమీదట తాళంచెవులు చేసే కొట్టుకి లైసెన్స్ ఉండాలట. నాలాంటి పాత కొట్లకి అడక్కుండానే ఇస్తారు. కొత్తవాళ్ళని ఒక కమిటీ చూసి తేలుస్తుంది. అందులో ఈ పని తెలిసినవాడు ఒకడుండాలని, నన్ను అడగడానికి మునిసిపల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఛీ పొమ్మన్నాను.

సాయంత్రం ఆ సంగతి విని బావమరిది పరిగెత్తుకొచ్చాడు. మనిషంటే నువ్వే బావా అన్నాడు. తనకి మాత్రం అప్లికేషన్ పెట్టక తప్పదని, పిల్లలున్నారని తల దించుకున్నాడు.

మార్చి 18, ఆదివారం

రూలు గురించి వాడు మాట్లాడాడు. నలభై మంది. గుమ్మం బయట కూడా నిలబడి విన్నారు. నా మీటింగులో నేను కుర్చీలు సర్దాను.

మార్చి 19

ఆఫీసుకెళ్ళి కమిటీలో ఉంటానని సంతకం పెట్టొచ్చాను. ఇంట్లో చెప్పలేదు, కమిటీలో ఎవరున్నారో ఆఫీసువాళ్ళూ బయటపెట్టరట. లోపల మనవాడొకడు ఉంటే నలుగురికీ మంచిది కదా.

పై వాక్యం అబద్ధం.

మార్చి 27

తొమ్మిది అప్లికేషన్లు. ఎనిమిదింటికి సరే అన్నాను. చివరిది వాడిది. బల్ల మీద వాడు చేసిన తాళంచెవి పెట్టారు. తిప్పి చూశాను. వంక పెట్టడానికి లేదు. నాకంటే బాగా చేస్తాడు. ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనను.

బంధువు కాబట్టి నేను చెప్పకూడదేమో అన్నాను. ఆఫీసరు టీ తాగుతూ, ఫరవాలేదు, మీ మాటే మాకు లెక్క అన్నాడు. అనుభవం చాలదు, మూడేళ్ళు ఆగితే మంచిది అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆఫీసరు ఎర్ర ఇంకుతో గీత కొట్టి, కాగితం పక్కన పెట్టేశాడు.

ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వం బలం గురించి ఉపన్యాసాలు దంచుతున్నాను. చేతికొస్తే అది ఇంత తేలిగ్గా ఉంటుందని ఊహించలేదు.

మార్చి 28

ఆకలి బాగా వేసింది. మారు వడ్డించుకుని తిన్నాను.

ఏప్రిల్ 2

వాడి కొట్టు మూయించారు. షట్టరుకి వెయ్యడానికి గట్టి తాళం కావాలని ఆఫీసు గుమాస్తా నా దగ్గరికే వచ్చాడు. రెండు చూపించాను. బరువైంది తీసుకున్నాడు.

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, ఆ కమిటీవాళ్ళ చేతులు పడిపోను అని ఏడ్చింది. నేను కంచంలోంచి చెయ్యి తీయలేదు.

ఏప్రిల్ 8, ఆదివారం

బావమరిది మీటింగులో వెనక కూర్చున్నాడు. మాట్లాడమంటే వద్దన్నాడు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, లైసెన్సున్న కొట్లో ఎవరైనా పని చెయ్యొచ్చట, నీ దగ్గర జీతానికి చేరతాను బావా అన్నాడు. మళ్ళీ తనే, ఆరోజు నువ్వు ఆ కమిటీకి ఒప్పుకుని ఉంటే నాకిలా జరిగేది కాదు, అయినా నిన్ను తప్పుపట్టను, నీ మాట మీద నువ్వు నిలబడ్డావు అన్నాడు.

పొద్దున ఎనిమిదికి రమ్మన్నాను.

ఏప్రిల్ 9

ఎనిమిది కాకముందే వచ్చాడు. అప్పటికే బయట నలుగురు నిలబడి ఉన్నారు. వాడి కోసం.