గోడ మీద మన పిల్ల పేరు

భవానీపూర్,
జూలై 9.

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఏటా సమాధి దగ్గరికి వెళ్లి వచ్చేదాన్ని. ఈసారి చెప్పాల్సింది ఉంది కాబట్టి రాస్తున్నాను.

మన మనవరాలు రూతు, ఫిరోజ్ అనే అబ్బాయిని పెళ్లాడుతోంది. మతాలు వేరు కనుక రిజిస్ట్రారు ఆఫీసు గోడకు వాళ్ల పేర్లు, మన ఇంటి అడ్రసు అంటించారు. నెల రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చట. మనం పోట్లాడుకునే ముందు కూడా, ఇంటి మాట వీధికి వినపడకూడదని మీరు లేచి కిటికీలు మూసేవారు.

వద్దని నేను అనవచ్చు, పెంచినదాన్ని. దారినపోయేవాళ్ల చేత కూడా అనిపించడానికి సర్కారు దానికి ఏ పూట అన్నం పెట్టింది?

నిన్న ఎవరో ఇద్దరు ఆ నోటీసు చదివి వచ్చారు. బెంగాలీలో పిన్నీ అంటూ వరస కలిపారు. "మాషిమా, మీకు ఇష్టం ఉండదని తెలుసు. ఈ అభ్యంతరం మీద సంతకం పెట్టండి చాలు," అన్నారు.

"ఇష్టం లేదు. అది నా మనవరాలితో చెప్పుకుంటాను. మధ్యన మీరెవరు?" అని తలుపు వేశాను.

లోపల రూతు నవ్వింది. "ఏటమ్మమ్మా, నువ్వే వద్దన్నావు కదా?"

"ఇప్పుడూ వద్దనే అంటాను. సాక్షి సంతకానికి మాత్రం వస్తాను."

ఇక జరగాల్సినవి:

1. ఆ నెల గడవాలి.
2. నేను సంతకం పెట్టాలి. ఆ నోటీసు గోడ మీంచి తీసేదాకా అక్కడి నుంచి కదలకూడదు.
3. ఇంటికొచ్చి, కిటికీలు మూసి, రూతును తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాలి.