తలుపు జప్తు

1979 డిసెంబరు 3

మా వీధిలో మోరీ లేదు. అయినా మున్సిపాలిటీ వాళ్ళు డ్రైనేజీ టాక్సు వేశారు. పాత జీపు నడుస్తూనే ఉంది, ఆఫీసుకు కొత్తది కొన్నారు. ఇవాళ మీటింగులో నేను లేచాను. ముందు మీ ఖర్చు తగ్గించండి, తరువాత పన్ను అడగండి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో మెడలోని లింగం పట్టుకొని ఒట్టు వేశాను, ఈ టాక్సు కట్టనని. పిచ్చి పని. మా లింగాయతుల్లో ఆ ఒట్టు వేసి వెనక్కి పోయేది లేదు.

డిసెంబరు 11

బట్టల దుకాణం జగన్‌మోహన్ కట్టేశాడట. దుకాణం ఉన్నవాడు ఆఫీసుతో కయ్యం పెట్టుకోలేడని చెప్పి పంపాడు. గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

డిసెంబరు 19, ఉదయం

మున్సిపాలిటీ డప్పు వచ్చింది. డప్పు కొట్టే జగ్గయ్య మా ఇంటి ముందే ఆగి, పన్ను ఎగ్గొట్టిన చెన్నబసప్ప అని నా పేరు చాటాడు. నా కళ్ళలోకి చూడలేదు. నేను అరుగు మీద కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాను. లోపలికి వచ్చాక నీళ్ళు తాగబోతే చెంబు పళ్ళకు కొట్టుకుంది.

డిసెంబరు 22

బిల్ కలెక్టర్ రామ్‌కిషన్ వచ్చాడు. గిన్నెలు జప్తు చేస్తే ఎవరికీ కనబడదని, ఈసారి వడ్రంగిని పెట్టి ఇంటి తలుపులే విప్పమని ఆర్డరట.

“తాతా, జిద్దు జెయ్యకు. సోమవారం వడ్లాయన్ను తోల్కొని వస్త. నీ తలుపు విప్పనీకి నాకు సుత మనసొప్పుతలేదు” అన్నాడు.

నా భార్య భాగీరథికి దమ్ము, చలికాలం ఊపిరాడదు. ఈ చలిలో తలుపు లేకుంటే ఏమవుతుందో. నీ కోసం కట్టేస్తాను అన్నాను. దగ్గు ఆగేదాకా నన్నే చూసింది.

“లింగం పట్టుకున్నది నువ్వు. నా దమ్మును అడ్డం పెట్టుకోకు” అంది.

నిజమే. దమ్ము ఆమెది. భయం నాది.

డిసెంబరు 24

వాళ్ళు రాకముందే నేనే వడ్లాయన్ను పిలిచి తలుపు విప్పించాను. బండిలో తీసుకుపోయి ఆఫీసు గోడకు ఆనించి వచ్చాను. దారి పొడుగునా జనం చూశారు. వాకిలికి గోనెసంచులు కట్టాము. గాలికి అవి లోపలికి ఉబ్బుతున్నాయి, ఎవరో వస్తున్నట్టు.

డిసెంబరు 27

ఆఫీసు దాకా పోయాను. నా తలుపు పక్కన వరసగా వేరే తలుపులు ఆనించి ఉన్నాయి. జప్తు చేసినవి కావు, నాలాగే ఎవరికి వారే తెచ్చి పెట్టి పోయారట. ఒకదాని మీద కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. ఎవరివో అడగలేదు.

నా మాట మీద ఇన్ని ఇండ్లు బార్లా తెరిచి ఉన్నాయి. అసలు భయం ఇప్పుడు పట్టుకుంది.